పసిబిడ్డ కాలేయానికి క్యాన్సర్: తవక్కుల్ ఏది? అలక్ష్యం ఏది?

సంతానం అల్లాహ్ ప్రసాదించే వరాల్లో గొప్ప వరం. అదే సమయంలో అది గొప్ప పరీక్ష కూడా. సంపద పోతే మనిషి మళ్ళీ సంపాదించుకుంటాడు. తన ఒంటికి జబ్బు చేస్తే పళ్ళ బిగువున ఓర్చుకుంటాడు. కాని ఒళ్ళో ఉన్న పసిబిడ్డకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎంతటి విశ్వాసి హృదయమైనా కంపిస్తుంది. అలాంటి సమయంలో ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. "అల్లాహ్ మీద భారం వేయండి" అన్నది ఒకటి. "ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నది రెండోది. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమైన మాటలేనా? వైద్యం కోసం పరుగెత్తడం తవక్కుల్‌కు భంగమా? వైద్యం మానుకుని కూర్చోవడం సబ్ర్ అవుతుందా? పసిపిల్లలకు వచ్చే కాలేయ క్యాన్సర్ విషయంలో ఈ ప్రశ్నలను కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వెళ్ళే దారిలో ఒక ఇంటిని ఊహించుకోండి. తండ్రి రొయ్యల గుంటల మీద కూలికి పోతాడు. పద్దెనిమిది నెలల కొడుకు. ఒకరోజు తల్లి వాడికి నీళ్ళు పోస్తూ, పొట్ట కుడివైపు పక్కటెముకల కింద ఏదో గట్టిగా చేతికి తగిలిందని గమనిస్తుంది. పిల్లవాడికి నొప్పి లేదు, జ్వరం లేదు. అన్నం మాత్రం సరిగా తినడం లేదు. "కడుపులో బల్ల పెరిగిందిలే, పసరు పోయిస్తే కరిగిపోతుంది" అంటుంది దాదీ. "నజర్ తగిలింది, తావీజు కట్టించండి" అంటుంది ఖాలా. "మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గాకు పోయి ఆరోగ్య రొట్టె పట్టుకుందాం" అంటుంది పక్కింటావిడ. వీళ్ళలో ఎవరికీ ఆ బిడ్డ మీద ప్రేమ తక్కువ లేదు. కాని ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు ఇలాగే గడిచిపోతాయి. లోపల గడ్డ మాత్రం ఆగదు.

వ్యాధి సంగతి

పసిపిల్లల కాలేయంలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం హెపటోబ్లాస్టోమా అనే రకానికి చెందినవి. ఇది చాలా అరుదైన జబ్బు. ఏటా పది లక్షల మంది పిల్లల్లో ఒకరిద్దరికి మాత్రమే వస్తుంది. ఎక్కువగా మూడేళ్ళ లోపు వారిలో కనిపిస్తుంది. నెలలు నిండకుండా, మరీ తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు కొంచెం ఎక్కువ అవకాశం ఉంటుంది. కొన్ని వంశపారంపర్య లోపాలు కూడా కారణమవుతాయి. కాని ఎక్కువ మంది పిల్లల విషయంలో ఫలానాది కారణమని వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు ఏదో తిన్నదని, తండ్రి ఏదో పాపం చేశాడని అనడం ఆ ఇంటి మీద మరో పిడుగు వేయడమే. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) దైవప్రవక్త. అయినా ఆయన రోగంతో, సంతాన వియోగంతో పరీక్షించబడ్డారు. ప్రతి కష్టమూ శిక్షే అయ్యేటట్లయితే ప్రవక్తలకు కష్టాలు ఎందుకు వచ్చాయి? ఒకరి పాపానికి మరొకరు బాధ్యులు కారన్నది ఖుర్ఆన్ నేర్పిన న్యాయం. కాబట్టి తల్లిదండ్రుల పాపాన్ని పసిబిడ్డ ఒంటి మీద వెతకడం సరైన పని కాదు.

ఈ జబ్బుకు కామెర్లు రావడం అరుదు. మొదటి గుర్తు సాధారణంగా నొప్పి లేని గడ్డ, లేదా పెద్దదవుతున్న పొట్ట. నొప్పి లేకపోవడం వల్లనే పెద్దలు తేలికగా తీసుకుంటారు. డాక్టరు స్కానింగ్ చేయిస్తాడు. రక్తంలో ఆల్ఫా ఫీటో ప్రొటీన్ అనే పదార్థాన్ని కొలిపిస్తాడు. ఈ జబ్బున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అది బాగా పెరిగి ఉంటుంది. పసికందుల్లో అది సహజంగానే ఎక్కువ కాబట్టి వయసును బట్టి లెక్క చూస్తారు. కాలేయాన్ని నాలుగు భాగాలుగా లెక్కవేసి, గడ్డ ఎన్ని భాగాలకు పాకిందో, ఊపిరితిత్తులకు చేరిందో లేదో చూసి చికిత్స నిర్ణయిస్తారు.

గజాలీ చూపిన మూడు మెట్లు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. హిజ్రీ అయిదో శతాబ్దపు మహా పండితుడు ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో తవక్కుల్ గురించి చర్చిస్తూ, హానిని తొలగించే సాధనాలను మూడు మెట్లుగా విభజించారు. మొదటిది ఖాయమైన సాధనం. దాహానికి నీరు, ఆకలికి రొట్టె లాంటివి. చావు ముంచుకొస్తున్నా నీళ్ళు ముట్టకుండా కూర్చోవడం తవక్కుల్ కాదు, అది నిషిద్ధమే. రెండోది మేలు జరిగే అవకాశం బలంగా ఉన్న సాధనం. వైద్యుల చికిత్సలను ఆయన ఈ మెట్టు మీద ఉంచారు. వాటిని చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదన్నారు. మూడోది కేవలం ఊహ మీద ఆధారపడిన సాధనం. వాతలు పెట్టడం, మంత్రించడం లాంటివి ఇందులో వస్తాయి. దేవుని మీద భరోసా ఉంచేవాడు వదిలేయవలసింది ఈ మూడోదాన్నేనని ఆయన వివరించారు.

జాగ్రత్తగా ఆలోచించండి. మన ఇళ్ళలో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు కాదా? ఊహ మీద నడిచే పసరుకూ తావీజుకూ ముందు పరుగెత్తుతున్నాం. బలమైన అవకాశం ఉన్న వైద్యం దగ్గరికి వచ్చేసరికి "అంతా అల్లాహ్ చూసుకుంటాడు" అంటున్నాం. తవక్కుల్ అన్న పవిత్రమైన మాటను మన భయానికీ, బద్ధకానికీ ముసుగుగా వాడుకుంటున్నాం.

ఇందులో గమనించవలసిన మరో విషయం ఉంది. ఒక చికిత్స ఏ మెట్టు మీద ఉంటుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. ఒకప్పుడు ఊహగా ఉన్నది తర్వాత బలమైన అవకాశంగా మారవచ్చు. అలా మారినప్పుడు మన బాధ్యత కూడా మారుతుంది. పిల్లల కాలేయ క్యాన్సర్ విషయంలో జరిగింది ఇదే.

మారిన మెట్టు

అరవై ఏళ్ళ క్రితం ఈ జబ్బు వచ్చిన బిడ్డకు దారి దాదాపు మూసుకుపోయినట్లే. గడ్డను కోసి పూర్తిగా తీయగలిగిన కొద్దిమందే బతికేవారు. అమెరికాలోని డెన్వర్ నగరంలో డాక్టర్ థామస్ స్టార్జల్ 1963లో కాలేయ మార్పిడి మొదలుపెట్టారు. తొలి ప్రయత్నాల్లో రోగులెవరూ నెల రోజులు కూడా బతకలేదు. 1967 జూలైలో ఆయన 19 నెలల పాపకు కాలేయం మార్చారు. ఆ పాపకున్నది కాలేయ క్యాన్సరే. కాలేయ మార్పిడి తర్వాత ఏడాది దాటి బతికిన మొదటి మనిషి ఆ పాపే. అయితే క్యాన్సర్ మళ్ళీ పాకి, 13 నెలలకు ఆమె కన్నుమూసింది. ఆనాడు ఒక తండ్రి "ఇది ఫలిస్తుందో లేదో తెలియదు, నా బిడ్డను కోతలకు గురిచేయను" అని ఉంటే అతణ్ణి తప్పు పట్టలేం.

ఇప్పటి సంగతి వేరు. సిస్‌ప్లాటిన్ అనే మందు వచ్చింది. ముందు దాన్ని కొన్ని విడతలు ఎక్కించి గడ్డను చిన్నది చేస్తారు. తర్వాత ఆపరేషన్ చేసి తీస్తారు. కాలేయానికి అల్లాహ్ ఒక అద్భుత గుణం ప్రసాదించాడు. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో ముప్పాతిక వంతు తీసేసినా మిగిలింది పెరిగి పని చేస్తుంది. యూరప్ వైద్యుల సియోపెల్ బృందం, గడ్డ కాలేయమంతా ఆక్రమించని, ఊపిరితిత్తులకు పాకని 255 మంది పిల్లల ఫలితాలను 2009లో ప్రకటించింది. ఒక్క సిస్‌ప్లాటిన్ మందుతో చికిత్స పొందిన పిల్లల్లో మూడేళ్ళ తర్వాత నూటికి 95 మంది బతికి ఉన్నారు. రెండు మందులు కలిపి ఇచ్చినవారిలో 93 మంది. జబ్బు ముదిరి, ఊపిరితిత్తులకు కూడా పాకిన పిల్లలు ఉన్న మరో బృందం ఫలితాలు 2013లో వచ్చాయి. వాళ్ళలో కూడా మూడేళ్ళకు నూటికి 83 మంది బతికారు.

ఈ అంకెలు మంచి వసతులున్న దేశాలవి. ఆలస్యంగా వచ్చిన పిల్లలకు, బలహీనంగా ఉన్నవారికి, చికిత్స మధ్యలో మానేసినవారికి ఇవి వర్తించవు. ఇంకో సంగతి. కొంచెం పెద్ద పిల్లలకు వచ్చే హెపటోసెల్యులర్ కార్సినోమా అనే మరో రకం కాలేయ క్యాన్సర్ చాలా మొండిది. దాన్ని పూర్తిగా కోసి తీయగలిగితేనే ఆశ. అయినా హెపటోబ్లాస్టోమా విషయంలో మాత్రం వైద్యం మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కింది, మొదటి మెట్టుకు చేరువైంది అనడంలో సందేహం లేదు. మరి మన మాటలు మాత్రం 1960 దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

ఎవరి సబ్ర్?

కొందరు మరో సందేహం లేవనెత్తుతారు. మూర్ఛ వ్యాధితో బాధపడే ఒక మహిళ దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి తన కోసం ప్రార్థించమని కోరింది. సహనం వహిస్తే స్వర్గం ఉందని, లేదా స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన ఆమెకు రెండు దారులు చూపారు. ఆమె సహనాన్నే ఎంచుకున్నది. మరి వైద్యం లేకుండా సబ్ర్ చేయడమే ఉత్తమం కాదా అని వీరు అడుగుతారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఆ మహిళ తన శరీరం గురించి, తన ఇష్టంతో, తెలిసి నిర్ణయించుకున్నది. పద్దెనిమిది నెలల బిడ్డ అలా నిర్ణయించుకోగలడా? వాడికి సబ్ర్ అంటే ఏమిటో తెలుసా? వాడి తరఫున మనం సబ్ర్ ఎంచుకుంటే, నొప్పి వాడిది, పుణ్యం మాత్రం మనదా? బిడ్డ మన ఆస్తి కాదు, అమానతు. అమానతును దాచినవాడు దాన్ని పాడుకానివ్వకుండా చూడాలి. తన సొంత సొమ్మును ఎలా వాడుకున్నా, ఇతరుల సొమ్ము విషయంలో అతనికి ఆ స్వేచ్ఛ లేదు. 1992లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ అకాడమీ వైద్యం గురించి చేసిన తీర్మానం కూడా ఇదే దారిలో ఉంది. చికిత్స మానేస్తే ప్రాణం పోయే పరిస్థితిలో చికిత్స తప్పనిసరి అని అది పేర్కొంది. పసివాడికి స్పష్టమైన హాని కలిగేటప్పుడు సంరక్షకుడు వద్దన్నా ఆ మాటకు విలువ లేదని కూడా నిర్ణయించింది.

నదిలో విడిచిన తల్లి

తవక్కుల్‌కు మనకు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మాతృమూర్తి కన్నా గొప్ప ఆదర్శం ఏముంటుంది? పసికందును పెట్టెలో పెట్టి నదిలో విడిచింది ఆ తల్లి. బిడ్డను తిరిగి నీ ఒడికి చేరుస్తానని సాక్షాత్తు అల్లాహ్ ఆమెకు మాట ఇచ్చాడు. అంతటి వాగ్దానం దొరికిన తర్వాత ఆమె ఏం చేసింది? ఇంట్లో కూర్చున్నదా? లేదు. ఒడ్డున నడుస్తూ ఆ పెట్టె ఎటు పోతున్నదో దూరం నుంచి కనిపెట్టమని తన కూతుర్ని పంపింది. ఆ కూతురు చూసింది కాబట్టే ఫిరౌన్ ఇంట్లో బిడ్డ ఏ దాయి పాలూ పట్టడం లేదని తెలిసింది. తల్లి దగ్గరికి చేర్చే మార్గం ఏర్పడింది. వాగ్దానం ఉన్న తల్లే ఒడ్డు వెంట మనిషిని పంపితే, ఏ వాగ్దానమూ లేని మనం చేతులు ముడుచుకుని కూర్చోవచ్చా?

ఒడ్డు వెంట నడవడం అంత తేలిక కాదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో పరీక్షలయ్యాక చెన్నైకో, తిరుపతికో వెళ్ళవలసి రావచ్చు. చికిత్స నెలల తరబడి సాగుతుంది. బిడ్డ జుట్టు రాలుతుంది, వాంతులవుతాయి, తెల్లకణాలు పడిపోయి చిన్న జ్వరం కూడా ప్రమాదమవుతుంది. సిస్‌ప్లాటిన్ వల్ల కొందరు పిల్లలకు వినికిడి తగ్గుతుంది, అది మళ్ళీ రాదు. మందు ఎక్కించిన ఆరు గంటల తర్వాత సోడియం థయోసల్ఫేట్ ఇస్తే ఈ నష్టం తగ్గుతుందని 2018లో తేలింది. ఆ మందు ఇవ్వని పిల్లల్లో నూటికి 63 మందికి వినికిడి దెబ్బతింటే, ఇచ్చినవారిలో 33 మందికే దెబ్బతిన్నది. ఈ సంగతి డాక్టరును అడగడం తండ్రి హక్కు. అడగడం అమర్యాద కాదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. రెండు విడతల మందుతో పొట్ట తగ్గగానే "బాగయ్యాడు, ఇక చాలు" అని ఇంటికి తెచ్చేయడం. గడ్డ చిన్నదైంది, పోలేదు. కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు డాక్టరును తప్పు పట్టినా, తఖ్దీర్‌ను తప్పు పట్టినా ప్రయోజనం లేదు.

ఇక ఖర్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, నేడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవగా పిలిచే పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. మొదటి రోజే కార్డు పట్టుకుని ఆ పథకం డెస్కు దగ్గర విచారించాలి. కాని పథకం ఆసుపత్రి బిల్లు కడుతుంది గాని పోయిన కూలి ఇవ్వదు. చెన్నైలో గది అద్దె, ఇంటి దగ్గర మిగతా పిల్లల తిండి ఎవరు చూడాలి? ఇక్కడే మన జమాఅత్ పరీక్షకు నిలుస్తుంది. "సబ్ర్ చేయి భాయ్" అని వీపు తట్టడం ఎవరైనా చేస్తారు. జకాత్‌కు అర్హుడైన ఆ తండ్రికి మన జకాత్‌లో కొంత చేరిస్తే, వారానికొకరు ఆసుపత్రిలో తోడుంటే, ఆ సబ్ర్‌కు కాళ్ళు వస్తాయి. సమాజమంతా తప్పుకుని ఒక నిరుపేద తండ్రిని "వైద్యం మధ్యలో ఎందుకు మానేశావు?" అని అడిగే హక్కు మనకు లేదు.

కాలేయంలో ముక్క

గడ్డ కోసి తీయడానికి వీలులేనంతగా పాకితే కాలేయం మార్చవలసి రావచ్చు. తల్లో తండ్రో తమ కాలేయంలో కొంత భాగం ఇస్తే అది ఇద్దరిలోనూ పెరుగుతుంది. మన దేశంలో బిడ్డకు తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి 1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో జరిగింది. కాంచీపురానికి చెందిన 20 నెలల బాలుడికి తండ్రి కాలేయంలో భాగం ఇచ్చాడు. ఆ బాలుడికున్నది క్యాన్సర్ కాదు, పుట్టుకతో వచ్చిన పైత్య నాళాల లోపం. ఆ బాలుడు పెరిగి పెద్దవాడై డాక్టరయ్యాడు.

శరీరం అల్లాహ్ అమానతు కదా, అందులో భాగం ఇవ్వవచ్చా? ఉలమాల్లో ఈ విషయమై భేదాభిప్రాయం ఉంది. వద్దన్న పెద్దలూ ఉన్నారు. దాత ప్రాణానికి ముప్పు లేకుండా, అమ్మకం లేకుండా, ఇష్టపూర్వకంగా ఇచ్చేదైతే సమ్మతమేనని జిద్దా ఫిఖ్హ్ అకాడమీ 1988లో తీర్మానించింది. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. అయితే ఒక జాగ్రత్త. కాలేయం ఇవ్వడం దాతకు కూడా పెద్ద ఆపరేషనే. అత్తింటివారి ఒత్తిడికి లొంగి కోడలు ఇస్తే అది ఇష్టపూర్వకం కాదు. తల్లి ఇవ్వలేనని అంటే ఆమె ప్రేమను శంకించే అధికారం ఎవరికీ లేదు.

అన్నీ చేసినా...

అన్నీ చేసినా కొందరు బిడ్డలు దక్కరు. అలాంటప్పుడు చికిత్స ఓడిపోయిందని, దుఆ వృథా అయ్యిందని అనుకోవాలా? దైవప్రవక్త (స) తమ కుమారుడు ఇబ్రాహీమ్‌ను పసితనంలోనే పోగొట్టుకున్నారు. బిడ్డను ఒడిలోకి తీసుకుని కంటతడి పెట్టుకున్నారు. పక్కనున్న సహచరులు ఆశ్చర్యపోతే అది కారుణ్యమని తెలియజేశారు. ప్రభువుకు ఇష్టం లేని మాట మాత్రం నోటి నుంచి రానివ్వలేదు. ఏడవడం అవిశ్వాసం కాదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్ళు దుఃఖంతో తెల్లబడిపోయాయి. అయినా ఆయన ఆశ వదులుకోలేదు, కొడుకుల్ని యూసుఫ్ జాడ వెతకమని పంపుతూనే ఉన్నారు.

జబ్బు నయం కాదని వైద్యులు తేల్చిన తర్వాత బిడ్డను ఇంకా కోతలకూ సూదులకూ గురిచేయడం తప్పనిసరి కాదు. అప్పుడు గజాలీ చెప్పిన మెట్టు మళ్ళీ మారుతుంది. కాని చికిత్స ఆగినా సేవ ఆగకూడదు. నొప్పి తగ్గించే మందులు, మెత్తని పడక, తల్లి ఒడి, ఇవి ఆ బిడ్డకు చివరి దాకా ఉన్న హక్కులు. నొప్పి మందు ఇప్పించడం ఆశ వదులుకోవడం కాదు, దయ చూపడం.

రాకముందే ఆపగలిగితే

హెపటోబ్లాస్టోమాకు టీకా లేదు. కాని పెద్ద పిల్లలకు వచ్చే ఆ రెండో రకం, మొండి క్యాన్సర్‌కు ముఖ్య కారణాల్లో ఒకటి హెపటైటిస్-బి. పుట్టుకలో తల్లి నుంచి సోకితే నూటికి తొంభై మంది పిల్లల్లో అది జీవితాంతం నిలిచిపోతుంది. తైవాన్ 1984లో పసికందులకు ఈ టీకా మొదలుపెట్టింది. అంతకు ముందు 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్లో లక్షకు 0.70గా ఉన్న కాలేయ క్యాన్సర్ 1990-94 నాటికి 0.36కు, అంటే దాదాపు సగానికి తగ్గింది.

ఈ టీకా కథలో మన నెల్లూరు జిల్లాకు కూడా వాటా ఉంది. ఒకప్పుడు దిగుమతి టీకా డోసు ఖరీదు వందల రూపాయల్లో ఉండేది. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి 1997లో దేశీయ టీకాను సుమారు 50 రూపాయలకు తెచ్చారు. పెట్టుబడి దొరక్క తిరుగుతున్న ఆయనకు చేయూతనిచ్చింది ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. ఒక హిందూ సోదరుడి పట్టుదల, ఒక అరబ్బు ముస్లిం భరోసా కలిసి ఎందరో పిల్లల కాలేయాలను కాపాడాయి. 2011 నుంచి ఈ టీకా దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తున్నారు. పుట్టిన 24 గంటల్లోపే మొదటి డోసు పడాలి. బిడ్డ చెవిలో అజాన్ పలికిన రోజే ఈ టీకా కూడా వేయించండి.

సోదర సోదరీమణులారా! బిడ్డ బతకడం, బతకకపోవడం మన చేతిలో లేదు. కాని ఆలస్యం మన చేతిలో ఉంది. ఫలితం గురించి తీర్పు దినాన మనల్ని అడగరు. అమానతు విషయంలో మనం ఏం చేశామో అడుగుతారు. బిడ్డ పొట్టలో గట్టిగా చేతికి తగిలితే ఆ వారమే డాక్టరుకు చూపించండి. దుఆ చేస్తూ తీసుకెళ్ళండి, దుఆ చేస్తూ తీసుకురండి. దుఆ దారి ఖర్చు లాంటిది, ప్రయాణం మనమే చేయాలి.

ఓ అల్లాహ్! రోగంతో ఉన్న పసిబిడ్డలందరికీ స్వస్థత ప్రసాదించు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల హృదయాలకు ఊరట ప్రసాదించు. నువ్వు అప్పగించిన అమానతును చివరి దాకా కాపాడే ఓపికను, ఒకరికొకరం తోడు నిలిచే మనసును మాకు ప్రసాదించు. ఆమీన్.